తడిపి చూస్తే తెలుస్తుంది: కారు లైట్ల మసక ఇంట్లోనే వదిలించుకోవడం

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకి రండి, కుర్చీల్లేకపోతే చాప మీద కూర్చోండి. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం వినాలి, సగం దగ్గరికొచ్చి చూడాలి.

ఈ బల్ల మీదున్నది పదకొండేళ్ళ కారు హెడ్‌లైటు. మన వీధిలో వాళ్ళదే, ఇవాళ్టి కోసం ఊడదీసి తెచ్చిచ్చారు. ఎలా ఉందో చూడండి. గంజినీళ్ళు పోసి ఎండబెట్టినట్టు తెల్లగా ఉంది. పై అంచు దగ్గర పసుపు తిరిగింది. ఇక్కడ కింద మూల, ఏదో బండి సేఫ్టీ గార్డు గీరుకుని నాలుగు గీతలు పడ్డాయి. లోపల బల్బు ఉందని మనకు తెలుసు కాబట్టి ఉందనుకోవాలి తప్ప, బయటికి కనపడట్లేదు.

ఇప్పుడు ఈ గిన్నెలో నీళ్ళున్నాయి. మామూలు కుళాయి నీళ్ళు, ఏమీ కలపలేదు. వేలు ముంచి ఈ లైటు మీద అడ్డంగా ఒక గీత గీస్తున్నాను. రా అమ్మా, నువ్వు దగ్గరగా ఉన్నావు, చూసి అందరికీ చెప్పు. ఏం కనపడుతోంది?

(ఒక అమ్మాయి: లోపల వెండి రంగు కనపడుతోందండీ. బల్బు కూడా.)

ఎంత మేర?

(అమ్మాయి: వేలు వెళ్ళినంత మేర.)

అదీ. వేలు వెళ్ళినంత మేర అద్దం కొత్తదైపోయింది. అర నిమిషం ఆగితే ఆరిపోయి మళ్ళీ గంజి రంగే. నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చెప్పిన ఇరవై ఆరేళ్ళలో ప్రతి బ్యాచికీ ఈ పని చేసి చూపించాను. ఎందుకంటే కారు లైటు మసక గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ తడి గీతలో ఉంది. ఇవాళ నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నీళ్ళు ఏం చేశాయి? మురికి కడిగాయా? లేదు, ఆరగానే మసక మళ్ళీ వచ్చిందిగా. ఈ లెన్స్ ఉపరితలం మీద, అంటే లైటు ముందున్న ఈ మూత మీద, కంటికి కనపడనంత సన్నటి గుంటలు, గీతలు, పగుళ్ళు లక్షల్లో ఉన్నాయి. కాంతి ఒక పదార్థంలోంచి ఇంకోదాంట్లోకి పోయేటప్పుడు వంగుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఎంత వంగుతుందో చెప్పే లెక్కే వక్రీభవన గుణకం. గాలికి అది 1. ఈ ప్లాస్టిక్‌కి సుమారు 1.58. తేడా చాలా ఎక్కువ. అందుకని ప్రతి గుంట దగ్గరా కాంతి ఒక్కో దిక్కుకి చెదిరిపోతుంది. అలా చెదిరిన కాంతే మన కంటికి తెలుపుగా కనపడుతుంది. నీటికి ఆ లెక్క 1.33. గుంటల్లో గాలి పోయి నీళ్ళు చేరేసరికి తేడా సగానికి పైగా తగ్గింది. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ కాంతికి వాటి అడ్డు తగ్గిపోయింది.

ఒక్క అడుగు ముందుకెళ్ళి ఆలోచించండి. నీళ్ళ బదులు, ఆరినా పోకుండా గట్టిపడి అక్కడే ఉండిపోయే పారదర్శకమైన పూత వేస్తే? నీళ్ళు అర నిమిషం చేసిన పనిని ఆ పూత ఏళ్ళ తరబడి చేస్తుంది. అందుకే లైటు బాగుచేయడమంటే నా దృష్టిలో రుద్దడం సగం పని, పూత సగం పని. బయట ఎక్కువమంది రుద్ది, మెరిపించి, చేతులు దులుపుకుంటారు. ఆ లైటు కొన్ని నెలల్లో మళ్ళీ మసకబారుతుంది, ఈసారి మొదటిసారి కంటే త్వరగా. ఎందుకో చెప్తాను.

మనమంతా హెడ్‌లైట్ గ్లాసు అంటాం గానీ ఇది గాజు కాదు. అంబాసిడర్, పద్మిని కార్లకి ఉండే గుండ్రటి లైట్లు నిజంగా గాజువే. రాయి తగిలితే పగిలేవి తప్ప, ముప్పై ఏళ్ళు ఎండలో ఉన్నా పసుపు తిరిగేవి కావు. ఇప్పటి హెడ్‌లైట్లు పాలికార్బొనేట్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అదే ఏడాది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని తయారుచేశారు. అమెరికాలో 1940 నుంచి సీల్డ్ బీమ్ గాజు లైట్లే, అంటే లోపలి దీపం, గాజు కలిపి మూసేసినవే, పెట్టాలని నిబంధన ఉండేది. 1983లో దాన్ని సడలించాక 1984 మోడల్ లింకన్ మార్క్ 7 కారుతో అక్కడ కొత్త రకం లైట్లు మొదలయ్యాయి. అక్కణ్ణుంచి కారు ముఖం ఎలా వంపు తిరిగితే లైటు కూడా అలా వంపు తిరగడం మొదలైంది.

మీ ఇంట్లో కూడా ఈ ప్లాస్టిక్ ఉంది. పాత సీడీలున్నాయి చూడండి, అది ఇదే. సుత్తితో కొట్టినా సామాన్యంగా పగలదు. గాజు బరువులో సగం కూడా ఉండదు. కానీ దీనికి రెండు బలహీనతలున్నాయి. మెత్తటిది, ఇసుక రేణువు చాలు గీత పడటానికి. రెండోది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే దీని అణువుల గొలుసులు తెగి పసుపు తిరుగుతుంది. ఈ రెండూ కంపెనీవాళ్ళకి తెలుసు. అందుకే ఫ్యాక్టరీలోనే దీని మీద ఒక గట్టి పూత వేసి పంపుతారు. దాని మందం కొద్ది మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక మందంలో చిన్న భాగం అనుకోండి. పదేళ్ళ పాటు ఎండనీ దుమ్మునీ ఆపేది ఆ పలచటి పొరే.

అది పోతేనే మసక మొదలవుతుంది. పై అంచు ఎందుకు ముందు పసుపు తిరిగిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆ భాగం ఆకాశం వైపు వాలి ఉంటుంది. మన గుంటూరు ఎండలో, నీడ లేని చోట, రోజూ పది గంటలు. ఒకే కారుకి ఒక లైటు బాగుండి ఇంకోటి పాడైతే, ఆ కారు ఎటు తిప్పి పార్కు చేస్తారో అడిగితే జవాబు దొరుకుతుంది.

దుమ్ము సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయిలుంటారు. పాపం ఒక్కొక్కరికి ఇరవై, ముప్పై కార్లు. నీళ్ళకి టైము ఉండదు. పొడి గుడ్డ తీసుకుని బానెట్ మీంచి లైటు దాకా ఒకే ఊపులో తుడుస్తారు. ఆ గుడ్డలో నిన్నటి ఇరవై కార్ల ఇసుక ఉంటుంది. ఏడాదికి మూడు వందల సార్లు ఇసుకతో రుద్దిన లెక్క. ఆ అబ్బాయి తప్పు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. చిన్న స్ప్రే సీసా ఒకటి కొనిచ్చి, లైట్ల మీద ముందు నీళ్ళు కొట్టి తర్వాత తుడవమని చెప్పండి. అలాగే రాత్రి పొలాల మధ్య ప్రయాణం చేసి వచ్చాక లైటు నిండా పురుగులు అంటుకుని ఉంటాయి. వాటిని గిన్నెలు తోమే పీచుతో గోకొద్దు. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నాననివ్వండి, వాటంతట అవే వదిలి వస్తాయి.

సరే, పనిలోకి వద్దాం. ఈ లైటు నడిమికి మాస్కింగ్ టేపు వేసి రెండు భాగాలు చేశాను. కుడి సగం నేను మాట్లాడుతూనే బాగుచేస్తాను. ఎడమ సగం ముట్టుకోను.

రుద్దే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది తడి పరీక్ష, ఇప్పుడే చేశాం. తడిపినప్పుడు తేటగా కనపడితే జబ్బు పైపైన ఉన్నట్టు, మన చేతిలో పనే. తడిపినా మసకగానే ఉంటే జబ్బు లోపల ఉంది. లోపలికి నీటి ఆవిరి చేరి ఉండొచ్చు, బల్బు వెనకాల రబ్బరు మూత ఊడి దుమ్ము వెళ్ళి ఉండొచ్చు. లేదా రిఫ్లెక్టరు, అంటే కాంతిని ముందుకి కొట్టే లోపలి వెండి రంగు గిన్నె, మాడి ఉండొచ్చు. దీనికి ఎక్కువగా కారణం మనవాళ్ళ ఒక అలవాటు. హెచ్ 4 రకం బల్బు అసలు 60/55 వాట్లు, అంటే బ్రైట్‌కి 60, డిమ్‌కి 55. వెలుగు చాలట్లేదని 100/90 వాట్ల బల్బు కొని పెట్టేస్తారు. ఆ వేడికి హోల్డరు కరుగుతుంది, వైరింగు మాడుతుంది, రిఫ్లెక్టరు నల్లబడుతుంది. అసలు రోగం బయటి పూతలో ఉంటే మందు లోపల బల్బుకి వేస్తున్నారు. పైగా మసక లెన్స్ వెనక పెద్ద బల్బు పెడితే ఆ కాంతంతా చెదిరి ఎదుటివాడి కళ్ళల్లో పడుతుంది. మీకు రోడ్డు కనపడదు, అతనికీ కనపడదు.

రెండోది గోరు పరీక్ష. గీత మీద గోటితో అడ్డంగా గీయండి. గోటికి గీత తగలకపోతే అది రుద్దుడుకి పోతుంది. తగిలితే లోతైన గీత. దాన్ని పూర్తిగా తీయాలని పంతానికి పోతే చుట్టూ గుంట పడుతుంది. వదిలేయండి. ఇక్కడ ఈ నాలుగు గీతల్లో మూడు గోటికి తగలట్లేదు, ఒకటి తగులుతోంది. ఆ ఒక్కటీ చివరిదాకా ఉంటుంది. కాంతికి దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. ఒక్కోసారి గీతలా కనపడేది గీత కూడా కాదు, అవతలి బండి రంగు అంటుకుని ఉంటుంది. కాస్త రబ్బింగ్ కాంపౌండ్, అంటే పెయింటర్లు వాడే పాలిష్ ముద్ద, వేలికి రాసుకుని రుద్దితే పోతుంది.

మూడోది, లెన్స్ మీద అక్షరాలు. చాలా లైట్ల మీద ఓ మూల ప్లాస్టిక్ పేరు అచ్చుపోసి ఉంటుంది. టార్చి పక్కనుంచి వేసి చూడండి. హెడ్‌లైటు మీద పీసీ అని ఉంటుంది, అంటే పాలికార్బొనేట్. వెనక ఎర్ర లైటు మీద ఎక్కువగా పీఎంఎంఏ అని ఉంటుంది. అది యాక్రిలిక్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. ముందు లైటుకీ వెనక లైటుకీ వైద్యం వేరు. అది తెలియక నేను ఒక పని చేశాను, తర్వాత చెప్తాను.

కావలసిన సామాను: వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, 800, 1000, 1500, 2000 నంబర్లు ఒక్కో షీటు. ఇవి పెయింటు షాపుల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. బకెట్టు నీళ్ళు, అందులో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. మాస్కింగ్ టేపు. పాత హవాయి చెప్పు ముక్క. నవ్వకండి, మన పెయింటర్లంతా వాడేది అదే. పేపరు వేళ్ళతో పట్టుకుని రుద్దితే వేళ్ళ ఒత్తిడి పడ్డచోటే అరుగుతుంది, చారలు పడతాయి. చెప్పు ముక్కకి చుట్టి రుద్దితే ఒత్తిడి సమంగా పడుతుంది, వంపులో కూడా ఒదుగుతుంది.

పేపర్లు పావుగంట ముందే నీళ్ళలో నానబెట్టాను. కారు మీదే చేసేటప్పుడు లైటు చుట్టూ బంపరుకీ బానెట్ అంచుకీ టేపు రెండు మూడు వరసలు వేయండి. చెయ్యి ఒక్కసారి జారితే రంగు పోతుంది. ఎండలో చేయొద్దు, నీళ్ళు ఆరిపోతూ ఉంటాయి. పొద్దున్నే, లేదా సాయంత్రం నీడ పడ్డాక.

ఇదిగో, 800తో మొదలుపెడుతున్నాను. ఈ లైటు మీద పాత పూత పొట్టులా లేచి ఉంది కాబట్టి 800. ఉత్త మసకే అయితే 1500 నుంచి మొదలుపెట్టినా చాలు. అడ్డంగా మాత్రమే రుద్దుతున్నా, ఎడమ నుంచి కుడికి. గుండ్రంగా తిప్పట్లేదు. నొక్కట్లేదు, పేపరు బరువే చాలు. కారుతున్న నీళ్ళు చూడండి. పసుపు కలిపిన మజ్జిగలా ఉన్నాయి. అది పాత పూత, ఎండకి మాడిన ప్లాస్టిక్. ఈ నీళ్ళ రంగే మీకు గురువు. పసుపు పోయి తెల్లటి పాలలా కారడం మొదలైతే కింద మంచి ప్లాస్టిక్ తగిలిందన్నమాట. అప్పటిదాకా తరవాతి నంబరుకి వెళ్ళొద్దు.

(సభలోంచి ఒకరు: అండీ, అది ముందుకంటే ఘోరంగా అయిపోయిందే!)

అవును బాబాయ్ గారూ, ఘోరంగానే ఉంది. ఇక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. 800 నంబరు పేపరులో గింజ సైజు సుమారు 22 మైక్రాన్లు. అంత గింజ గీసిన గీతలు ఇలాగే కనపడతాయి. 1000లో 18, 1500లో దాదాపు 13, 2000లో 10. నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. మన కంటికి కనపడే కాంతి తరంగం అర మైక్రాను చుట్టుపక్కల ఉంటుంది. గీత లోతు దానికంటే తగ్గితే కాంతికి అది గీతే కాదు. మనం చేసేదల్లా పెద్ద గీతల్ని చిన్న గీతలుగా, వాటిని ఇంకా చిన్నవిగా మార్చుకుంటూ పోవడం. ఇదిగో, మీ అనుమానం తీరేలా మళ్ళీ తడిపి చూపిస్తా. చూడండి, నీళ్ళు పోయగానే లోపలంతా కనపడుతోంది. పసుపు ఛాయ కూడా లేదు. ఆరితే ఘోరం, తడిస్తే అద్దం. అంటే దారిలోనే ఉన్నాం.

ఇప్పుడు 1000. కానీ ముందు లెన్సునీ, నా చేతుల్నీ, చెప్పు ముక్కనీ కడిగి నీళ్ళు మార్చాలి. 800 గింజ ఒక్కటి మిగిలి 1500 పేపరు కింద పడిందా, మొత్తం కష్టం పోతుంది. ఈసారి నిలువుగా రుద్దుతున్నా. ఎందుకంటే మధ్యలో తుడిచి చూసినప్పుడు ఇంకా అడ్డగీతలు కనపడితే 800 గీతలు పోలేదని తెలుస్తుంది. అడ్డం, నిలువు, అడ్డం, నిలువు. ఒక్కో నంబరుకి ఒక్కో దిక్కు. పనివాడికి ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. అంచుల దగ్గర, వంపు తిరిగిన మూలల దగ్గర ఓపిక పట్టండి. మధ్యలో అద్దంలా చేసి అంచుల్లో పసుపు వదిలేస్తే, పూత వేశాక ఆ అంచు నుంచే పొట్టు లేస్తుంది.

నేను రుద్దుతూ ఉంటాను, మీరు అడగాల్సినవి అడగండి.

(ఒకావిడ: టూత్‌పేస్టుతో పోతుందని వీడియోలో చూశానండీ. మేము చేస్తే నిజంగానే మెరిసింది.)

మెరుస్తుందమ్మా, మీరు చూసింది నిజమే. టూత్‌పేస్టులో పళ్ళు తోమడానికి సన్నటి గరుకు పొడి ఉంటుంది, అది పాలిష్ పనే చేస్తుంది. కానీ పాడైన పూతని పూర్తిగా తీయదు, కొత్త పూత వేయదు. మిగిలి ఉన్న పాత పొరని కొంచెం కొంచెం అరగదీస్తుంది. అందుకే రెండోసారి మసక త్వరగా వస్తుందన్నాను. ఎండకి అడ్డు అసలే లేని ప్లాస్టిక్ బయటపడుతుంది కదా. దోమల మందు రాస్తే మెరుస్తుందని కూడా చెప్తారు. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్ ఉపరితలాన్ని కరిగిస్తుంది. ఆ మెరుపు కరిగినదాని మెరుపు. ఆ పని చేయకండి.

సెకండ్ హ్యాండు కారు కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. లైట్లకి నూనెలాంటిదో సిలికాన్ స్ప్రేయో రాసి అమ్మకానికి పెట్టేవాళ్ళుంటారు. గుంటల్లోకి నూనె చేరి లైటు తళతళలాడుతుంది. మన తడి వేలు చేసిన పనే అది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు చూడండి.

(ఒక యువకుడు: కొత్త డూమ్, అదే లైటు మొత్తం, కొనేస్తే గొడవ వదిలిపోతుంది కదా సార్?)

డబ్బుంటే కొను తమ్ముడూ, కంపెనీ కొత్త లైటుకి మించింది లేదు. అమెరికాలో ఏఏఏ అనే మోటారు వాహనదారుల సంఘం 2018లో దీన్ని కొలిచింది. బాగా మసకబారి పసుపెక్కిన లైట్లు, కొత్తప్పుడు ఇచ్చే కాంతిలో 20 శాతమే ఇస్తున్నాయని తేలింది. బాగుచేస్తే సుమారు 70 శాతం దాకా తిరిగొచ్చింది. నూరు శాతం రాదు, నేను వస్తుందని చెప్పను. కానీ 20కీ 70కీ మధ్య ఏముందో రాత్రి హైవే మీద ఇండికేటరు లేని ట్రాక్టరు ట్రక్కు వెనక వెళ్ళినవాడికి తెలుసు. లైట్లు లేని ఎద్దుబండి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్ళు, నల్లటి గేదె. ఇవి మన రోడ్ల మీద రాత్రిపూట కనపడాల్సినవి. కొత్త లైటు కొనలేని వాడికి కూడా అవి కనపడాలి. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే. కొన్ని వందల రూపాయలు, ఒక సాయంత్రం, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా చేసుకోగలరు.

1500 అయింది, 2000కి వచ్చాను. చూడండి, ఆరబెట్టినా కూడా బల్బు మసకగా కనపడుతోంది. పాత కిటికీ అద్దం మీద ఊదినట్టుంది. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారి, పెయింటరు దగ్గర క్లియర్ కొట్టించడం. కారు రంగు మీద చివర్లో కొట్టే పారదర్శకమైన పూత అది, గట్టిపడటానికి హార్డెనర్ అనే మందు కలుపుతారు. అలా కొట్టించేటట్టయితే 2000 దాకా వెళ్ళక్కర్లేదు, పాలిష్ అసలే వద్దు. 1000 దగ్గర ఆపి తీసుకెళ్ళండి. ఆ సన్నటి గీతల్ని పట్టుకునే క్లియర్ నిలబడుతుంది. అద్దంలా మెరిపించి తీసుకెళ్తే ఆరు నెలల్లో పొరలా ఊడొస్తుంది. గీతలు కనపడతాయేమోనని భయపడకండి, క్లియర్ వాటిలోకి దిగి నిండిపోతుంది. తడి గీత గుర్తుందిగా? నీటి 1.33కే అంత తేటగా కనపడింది. క్లియర్ లెక్క 1.5 దగ్గర ఉంటుంది, అంటే ప్లాస్టిక్‌కి ఇంకా దగ్గర. అందుకే 1000 దగ్గర తడిపి చూసి, అప్పుడు ఎలా కనపడిందో అంతకంటే బాగుంటుందని ధైర్యంగా చెప్పగలను. కానీ హార్డెనర్ ఉన్న క్లియర్ ఇంట్లో కొట్టొద్దు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి పడకపోతే జీవితాంతం పడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు. సరైన మాస్కు, గాలి ఆడే పెయింటు గది ఉన్న పెయింటరుకే ఇవ్వండి. రుద్దే పని మీరే చేసుకున్నారు కాబట్టి ఖర్చు తగ్గుతుంది.

రెండో దారి, గుడ్డతో రాసే పూత. హెడ్‌లైట్ కిట్లలో చిన్న సీసాలో గానీ తడి గుడ్డగా గానీ వస్తుంది. కొనేటప్పుడు యూవీ రక్షణ ఉందని దాని మీద రాసి ఉందో లేదో చూడండి. ఉత్త వ్యాక్స్ అయితే నాలుగు వానలకి పోతుంది. ఈ పూత పలచగా ఉంటుంది కాబట్టి దీనికి 2000 దాకా, దొరికితే 3000 దాకా రుద్దాలి. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండుతో కొంచెం పాలిష్. డ్రిల్లింగ్ మెషీనుకి స్పాంజి బిగించి చేయొచ్చు గానీ స్పీడు తక్కువ పెట్టండి, ఒకేచోట ఆపకండి. వేడెక్కితే ప్లాస్టిక్ మీద మచ్చ పడుతుంది, అది ఇక పోదు. చేత్తో చేసినా సరిపోతుంది, భుజం నొప్పి తప్ప ఇబ్బంది లేదు.

పాలిష్ చేశాక కాంపౌండులోని నూనె అంతా పోవాలి. లేకపోతే పూత దాని మీద నిలవదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెయింటర్లు ఫిష్ ఐ అంటారు చూశారా, అదే. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన శుభ్రమైన గుడ్డతో ఒక్కసారి తుడుస్తాను. మొబైల్ రిపేరు వాళ్ళు వాడేదే. పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అన్నయ్య కారు వెనక ఎర్ర లైటు మీద పాత స్టిక్కరు జిగురు మిగిలిపోయింది. వదిన అడిగింది, కాస్త తీసిపెట్టవయ్యా అని. థిన్నరులో గుడ్డ ముంచి తుడిచాను. జిగురు పోయింది, లైటు మెరిసింది, వదిన సంతోషపడింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ లైటు లోపలి నుంచి సాలెగూడు పట్టినట్టు సన్నటి పగుళ్ళు. వారం రోజులకి బిగింపు స్క్రూ దగ్గర చీలింది. యాక్రిలిక్ అచ్చుపోసినప్పుడే దానిలో కొంత బిగువు ఉండిపోతుంది. థిన్నరు తగలగానే ఆ బిగువంతా పగుళ్ళుగా బయటపడుతుంది. తడిపినా పోవు, రుద్దినా పోవు. ట్రేడు నేర్పేవాడిగా అది నాకు తెలిసి ఉండాల్సింది. అన్నయ్య ఒక్క మాట అనలేదు, కొత్త లైటు తనే కొనుక్కున్నాడు. నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది. జిగురు పోవాలంటే కొబ్బరినూనె రాసి గంట ఆగి గుడ్డతో తీయండి, తర్వాత సబ్బు నీళ్ళు. యాక్రిలిక్‌కి ఆల్కహాల్ కూడా పెట్టకండి.

వెనక లైటు గురించి ఒక మంచి మాట కూడా ఉంది. యాక్రిలిక్ సహజంగానే ఎండని తట్టుకుంటుంది. అందుకే వెనక లైట్లు పసుపెక్కడం అరుదు. వాటికి వచ్చే జబ్బు గీతలే. సెల్లారులో గోడకి తగలడం, ట్రాఫిక్‌లో బైకు హ్యాండిల్ గీరుకోవడం. 1500, 2000తో తడిగా రుద్ది పాలిష్ చేస్తే చాలు, పూత లేకపోయినా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రుద్దేటప్పుడు ఎర్రటి నీళ్ళు కారితే కంగారుపడకండి, రంగు ప్లాస్టిక్ లోతంతా ఉంటుంది.

సరే, ఈ కుడి సగానికి పూత రాస్తున్నాను. ఒకే దిక్కుకి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, ఆపకుండా. పక్క వరస దీని మీద కొంచెం ఎక్కేలా. రాసినదాని మీద మళ్ళీ వెనక్కి రాకండి, బాగాలేదనిపించినా సరే. ఇది ఆరడం మొదలుపెట్టింది, ఇప్పుడు గుడ్డ తగిలితే చార పడుతుంది. దుమ్ము పడకుండా దీని మీద మూత పెడతాను. ఇరవై నాలుగు గంటలు నీళ్ళు తగలనివ్వొద్దు. అందుకే వాన మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

ఇంటికెళ్ళి చేసేవాళ్ళు ఒక లైటు పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టకుండా చీకటి పడేదాకా ఆగండి. గోడకి పది అడుగుల దూరంలో కారు ఆపి డిమ్ లైట్లు వేయండి. బాగైన వైపు వెలుగుకీ చీకటికీ మధ్య గీత కత్తితో కోసినట్టు కనపడుతుంది. రెండో వైపు ఆ గీతే ఉండదు, వెలుగంతా పైకి కిందకి పాకిపోయి ఉంటుంది. ఆ పాకిన వెలుగే ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడేది.

(ఒక కుర్రాడు: సార్, నా హెల్మెట్ అద్దం కూడా గీతలు పడింది. ఇలాగే చేసుకోవచ్చా?)

వద్దు బాబూ. అదీ పాలికార్బొనేటే, కానీ దానిలోంచి నువ్వు చూడాలి. లైటు లెన్సులోంచి కాంతి బయటికి పోతే చాలు. హెల్మెట్ అద్దాన్ని చేత్తో రుద్దితే కంటికి తెలియనంత ఎగుడుదిగుళ్ళు వస్తాయి, రాత్రి ఎదుటి లైట్లు రెండు మూడుగా కనపడతాయి. కొత్త వైజరు కొనుక్కో, ఈ వారమే కొనుక్కో.

ఇక ఎడమ సగం ఉంది. నేను ముట్టుకోనన్నాను కదా, అది మీ కోసమే ఉంచాను. నువ్వు రా అమ్మా, పొద్దున నుంచి ముందు వరసలో కూర్చున్నావు. ఆ టేపు నా వైపుకి కొంచెం జరిపి వెయ్యి, పూత మీద నీళ్ళు పడకూడదు. 800 పేపరు బకెట్లో ఉంది. అడ్డంగా మొదలుపెట్టు. నొక్కకు. కారే నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసి గట్టిగా చెప్పు, వెనకాల వాళ్ళకి వినపడాలి.